మేకల రికార్డింగు

మా గ్రూపులో ఈ నెల అడిగిన ప్రశ్న ఇది. మీ దగ్గరున్న తత్వాలన్నీ పోయి ఒక్క రికార్డింగు మాత్రం మిగలాలంటే ఏది మిగలాలి? ఒకటే చెప్పాలి. ఎందుకో ఒక పేజీ రాయాలి. అడిగింది గ్రూపు నడిపే కడప లెక్చరర్ గారు. ఆయన రిటైరయ్యారు, తీరిక ఉంది. నేను పాప నిద్రపోయాక, పాలసీసాలు కడిగి, దాని నుదుటి మీద మరోసారి చేయి పెట్టి చూసుకుని ఇప్పుడు కూర్చున్నాను. ఒక పేజీలో అయ్యేట్టు లేదు.

తత్వాలంటే మా వైపు తంబుర మీటుతూ, తాళాలు వేస్తూ పాడే పాటలు. ఈ ఒళ్ళు ఎన్నాళ్ళుంటుంది, లోపలున్నది ఎటు పోతుంది అని అడిగే పాటలు. ఏకాదశి భజనల్లోనూ పాడతారు గానీ ఎక్కువగా వినబడేది చావు జరిగిన ఇంట్లో. మనిషి పోయాడని తెలియగానే భజన గుంపుకు కబురు వెళ్తుంది. శవాన్ని ఎత్తేదాకా వాళ్ళు పాడుతూనే ఉంటారు. అందుకే వేళకాని వేళ వీధిలో తంబుర మోగితే మా వాళ్ళు పాట సంగతి పట్టించుకోరు. ఎవరింట్లో అని అడుగుతారు.

అలాంటి రికార్డింగులను పోగుచేసే పిచ్చివాళ్ళం మేము. అందరం కలిసినా ఒక పెళ్ళి బస్సు నిండదు. పాతవి క్యాసెట్ల నుంచి ఎక్కించినవి, కొత్తవి సెల్‌ఫోన్లో పట్టినవి. పాడినవాళ్ళ పేర్లు చాలావాటికి తెలియవు. అందుకని వెనక వినబడే చప్పుళ్ళను బట్టి పేర్లు పెట్టుకున్నాం. దగ్గు రికార్డింగు ఉంది, గాలివాన రికార్డింగు ఉంది. ఒకదాంట్లో పాట పొడుగునా ఎవరో ఆవిడ "బియ్యం యాడ పెడితిరే" అని అడుగుతూనే ఉంటుంది. అది బియ్యం రికార్డింగు.

కర్నూల్లో ఎమ్మెస్సీ చదువుతున్నప్పుడు నేను ఈ గ్రూపులో చేరాను. మా ఆయన అప్పటికే అందులో ఉన్నారు. ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగం, ఆ ఊరి మీద మహా అభిమానం. ఆయన దృష్టిలో లోకంలో ఉన్న రికార్డింగు ఒక్కటే, లారీ రికార్డింగు. ఎర్రగుంట్ల రోడ్డు పక్క ఇంట్లో ఎవరో పాడుతుంటారు. పైస్థాయికి ఎక్కబోతుండగా లారీవాడు హారన్ కొడతాడు. ఒకసారి కొట్టి ఊరుకోడు, ఊరు దాటేదాకా కొడతాడు. పాడే ఆయన తన శ్రుతి వదిలేసి ఆ హారన్ శ్రుతికి ఎక్కి, మిగిలిన పాటంతా అక్కడే నిలబడి పాడతాడు. తంబుర పాపం వెనక వెతుక్కుంటూ వస్తుంది.

"అది లారీ గొప్పతనం. లారీకి సన్మానం చేయించండి సార్" అని నేను గ్రూపులో రాశాను. అప్పట్లో ఆయనను సార్ అనేదాన్ని.

"చేయిస్తాను మేడం. మీ మేకలకు కూడా ఒక శాలువా తెప్పిస్తాను" అని రాశారు ఆయన. మా పరిచయం అలా మొదలైంది.

ఆ మేకలు మావే. పత్తికొండ వైపు మా ఊళ్ళో, మా పెద్దతాత పోయిన రోజు నాన్న కిటికీలో టేప్‌రికార్డర్ పెట్టి పట్టిన క్యాసెట్ అది. ఆ ఉదయం మేకలను విప్పడం అందరూ మరిచిపోయారు. కట్టుగొయ్యల దగ్గర అవి ఆకలికి అరుస్తూనే ఉంటాయి. పాడిన ఆయనది గొప్ప గొంతేమీ కాదు, అరిగిపోయిన గొంతు. కానీ తొందర లేదు. ఊరికి బయల్దేరిన మనిషికి దారి చెప్తున్నట్టు పాడతాడు. ఇక్కడ మలుపు వస్తుంది, ఇక్కడ నీళ్ళు దొరుకుతాయి అన్నట్టు. హాస్టల్లో పరీక్షల భయం పట్టుకున్నప్పుడు ఆ గొంతు వింటూ నిద్రపోయేదాన్ని. కాబట్టి లెక్చరర్ గారి ప్రశ్న పోయిన సంవత్సరం వచ్చి ఉంటే ఒక్క వాక్యంలో జవాబిచ్చేదాన్ని.

ఈ ఏడు ఇవ్వలేకపోయాను. పాపకు జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. కళ్ళు తేలేసి, చేతులు బిగుసుకుపోయి, నా ఒళ్ళోనే. చెప్పులు లేకుండా దాన్ని ఎత్తుకుని ఆటో కోసం పరుగెత్తడం వీధంతా చూసింది. డాక్టరు ఓపిగ్గా చెప్పారు, ఈ వయసులో కొందరు పిల్లలకు జ్వరం ఎక్కితే ఇలా వస్తుంది, పెద్దయ్యాక పోతుంది, భయపడాల్సిందేమీ లేదని. భయపడవద్దని చెప్పినంత మాత్రాన భయం పోతే ఎంత బాగుండేది. థర్మామీటరు నా కొంగుకు కట్టుకోలేదు గానీ దాదాపు అంతే. పాప నిద్రపోతే పొట్ట పైకీ కిందికీ ఆడుతోందా అని చూసేదాన్ని. ఆడుతుంటే, మరీ త్వరగా ఆడుతోందేమో అనుకునేదాన్ని.

ఆస్పత్రి నుంచి వచ్చాక నేను చేసిన మొదటి పని నా ఫోన్లోంచి తత్వాలన్నీ తీసేయడం. పాట వల్ల ఎవరికీ ఏమీ కాదని నాకు తెలుసు. చదువుకున్నదాన్ని. తెలిసి కూడా తీసేశాను. శవం దగ్గర పాడే పాట, పాప ఉన్న గదిలో మోగకూడదు. ఇంట్లో పెట్టొద్దని మా ఆయనతో అన్నాను. వినాలనిపించినప్పుడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునేవారు.

లెక్చరర్ గారి ప్రశ్న వచ్చిన వారం, మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి స్నానానికి వెళ్తూ లారీ రికార్డింగు పెట్టుకున్నారు. ఫోను బ్లూటూత్ ఆయన ఇయర్‌ఫోన్లకు కలవకుండా హాల్లో ఉన్న స్పీకరుకు కలిసింది. పాట ఇంకా అందుకోకముందే, చెవుల్లో ఏమీ వినబడక, ఛార్జింగు అయిపోయిందనుకుని అవి తీసి గూట్లో పెట్టి, కుళాయి తిప్పారు. ఆ స్పీకరులో ముందురోజు క్రికెట్ మ్యాచ్ నాటి సౌండు అలాగే ఉంది.

పట్టపగలు, ఇల్లదిరేట్టు తంబుర. నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. తలంటుకుని జుట్టు విరబోసుకుని ఉన్నాను. హాల్లోకి పరుగెత్తి స్పీకరు మీద దొరికిన బటన్ నొక్కితే సౌండు ఇంకా పెరిగింది. బాత్‌రూం తలుపు బాదాను. నీళ్ళ చప్పుడులో ఆయనకు వినబడలేదు. ఇంతలో వీధి తలుపు బాదుతున్నారు. తీశాను.

ఎదురింటి అవ్వ, ఆమె వెనక మరి కొందరు ఆడవాళ్ళు. అవ్వ నా ముఖం చూసింది, జుట్టు చూసింది, ఎర్రబడ్డ కళ్ళు చూసింది. చూసి నన్ను వాటేసుకుని గొంతెత్తింది.

"అయ్యో నా తల్లీ! ఎంత పని జరిగెనే! నిన్న సాయంత్రం కూడా ఎత్తుకుంటి కదమ్మా బంగారట్లా బిడ్డను!"

వెనకున్నవాళ్ళూ ఏడుపు అందుకున్నారు. ఎవరో నా వీపు నిమురుతున్నారు. ఇక్కడ నేను చెప్పాల్సిన మాట ఒకటుంది, ఇది చెప్పడానికే ఇదంతా రాస్తున్నానేమో. నేను వాళ్ళ మాట నమ్మాను. పాప మా అత్త దగ్గర పెరట్లో ఉందని నాకు తెలుసు, నేనే నూనె రాసి ఇచ్చాను. అయినా ఇంతమంది ఏడుస్తున్నారంటే జరిగే ఉంటుంది, నాకే చివర తెలిసింది అనిపించింది. అవ్వను తోసేసి పెరట్లోకి పరుగెత్తాను.

మా అత్త పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. కాళ్ళ మీద బోర్లా పాప. వీపు మీద నీళ్ళు పడుతుంటే కాళ్ళు తపతపా కొడుతోంది. నేను అక్కడే తడి బండల మీద కూలబడి, సున్నిపిండితో సహా దాన్ని లాక్కున్నాను. నా వెనకే ఆడవాళ్ళందరూ పెరట్లోకి వచ్చారు. వాళ్ళ ఏడుపు ముఖాలు చూసి మా అత్త చెంబు పక్కన పడేసింది.

"ఏమైందే? ఎవరు పోయినారు?"

"నువ్వు చెప్పల్లమ్మా, ఎవరు పోయినారో!" అంది అవ్వ.

"నేనేం చెప్పల్ల? నేను ఈడ బిడ్డకు నీళ్ళు పోస్తాండా!"

"మరి మీ ఇంట్లో తంబుర ఎవరికి మోగుతాంది?"

అప్పుడు మా ఆయన తువ్వాలు చుట్టుకుని, చెవుల్లో సబ్బు నురగతో బయటికి వచ్చారు. "ఏమైందవ్వా, ఇంతమంది వచ్చినారు?"

"నీ పాడె గట్ట!" అని అరిచి, వెంటనే నాలుక కరుచుకుని లెంపలు వేసుకుంది అవ్వ. "పసిబిడ్డ ఉండే ఇంట్లో ఈ పాటలేందిరా? దేశంలో సినిమా పాటలు గొడ్డుబోయినాయా? ఇదో చూడు, గుండె ఎట్ల కొట్టుకుంటాందో. నేను పోయింటే నాకు పాడేటోళ్ళు కూడా ఈడనే రెడీగా ఉండారు!"

ముందుగా ఎవరు నవ్వారో గుర్తులేదు. కళ్ళు తుడుచుకుంటూనే అందరూ నవ్వారు. పాప ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి వెళ్ళింది. ప్రతి ఒక్కరూ దాన్ని తడిమి చూసి, బుగ్గలు పుణికి మరొకరికి అందించారు. మా అత్త మాత్రం నా వైపు చూసి గట్టిగా అంది.

"ఏడ్చేది మానుకో తల్లీ. బతికుండంగానే పోయినారని ఏడిస్తే ఆయుస్సు పెరుగుతాది. వీధి వీధంతా ఏడ్చినారు, నీ బిడ్డకు నూరేండ్లు."

ఫోను ఆపడానికి మా ఆయన లోపలికి వెళ్ళారు. పాట ఆగింది. ఆగగానే అవ్వ ముఖం మారింది.

"ఆపేస్తివా? ఎత్తుకున్న తత్వం సగంలో ఆపకూడదురా. అయ్యేదాకా పెట్టు."

మా ఆయన నా వైపు చూశారు. అత్తా, అవ్వా అందరూ నా వైపే చూశారు. పాప తువ్వాల్లో చుట్టి ఉంది, నా ఒళ్ళో. వద్దు అనే మాట నా నాలుక మీదే ఉంది. కానీ నేను భయపడినదంతా ఒక్క క్షణంలో జరిగిపోయి, మళ్ళీ జరగకుండా పోయింది. ఇంక ఆ పాట కొత్తగా చేసేదేముంది? పెట్టమన్నాను.

పెరట్లో బండల మీద అందరూ కూర్చున్నారు. హారన్ వచ్చినప్పుడు "వీని నోట్లో మన్ను పడ, లారీవాడు" అంది అవ్వ. తర్వాత చెవి ఒగ్గి, "అబ్బ, ఎట్ల ఎక్కినాడు చూడు" అంది. మా ఆయన నా వైపు గెలిచినట్టు చూశారు. నేను ఆయనను చూడలేదు, పాప పొట్టను చూస్తున్నాను. అది అవ్వ గాజులు లాగుతోంది.

ఆ సాయంత్రం జ్వరం చూశాను. మర్నాడూ చూశాను. లేదు. కొన్ని రోజులు గడిచాక మేకల రికార్డింగు పంపమని మా ఆయనను అడిగాను. ఆయన దగ్గర అన్నీ ఉన్నాయి. వెంటనే పంపారు.

మధ్యాహ్నం పాప నిద్రపోయాక చెవుల్లో పెట్టుకుని విన్నాను. పాట సగంలో పాప ఏడుపు వినబడింది. ఇయర్‌ఫోన్లు లాగేసి గదిలోకి వెళ్ళాను. పాప నిద్రపోతోంది. వచ్చి మళ్ళీ పెట్టుకున్నాను, మళ్ళీ అక్కడే ఏడుపు. వెనక్కి జరిపి విన్నాను. ఏడుస్తున్న బిడ్డ రికార్డింగులోనే ఉంది. ఇన్నేళ్ళూ వింటూ, దాన్ని కూడా మేకే అనుకున్నాను.

అమ్మకు ఫోన్ చేశాను.

"ఏడ్చింటాది. అంతమంది ఆడోళ్ళం కూర్చోనుంటిమి, సంకలో బిడ్డ లేనిది ఎవరు?" అంది అమ్మ.

"శవం ఉన్న ఇంటికి పసిబిడ్డలను తీసుకొస్తారామ్మా?"

"తీస్కరాక? పాలు తాగే బిడ్డను చెట్టుకు తగిలిచ్చి వస్తారా?"

"అది నేనా?"

"నువ్వు యాడ! అప్పటికి బడికి పోతాంటివి. ఆ పొద్దు బడి ఎగ్గొట్టి, మూల కూర్చోని బొరుగులు తింటాంటివి."

మళ్ళీ అడిగాను. "ఆ బిడ్డ ఇప్పుడెట్లుందో?"

"ఎవరి బిడ్డో తెలీకుండా నేనేం చెప్పల్ల?" అని విసుక్కుంది. తర్వాత నా గొంతులో ఏం వినబడిందో, మెల్లగా అంది. "బాగనే ఉంటాది లే. ఆ ఈడు పిల్లోళ్ళు మన ఊర్లో అందరూ బాగనే ఉండారు. ట్రాక్టర్లు తోల్తాండారు, బెంగుళూరికి పోతాండారు, పెండ్లిండ్లు చేసుకుంటాండారు. నువ్వు అన్నం తింటివా?"

కాబట్టి లెక్చరర్ గారూ, నా జవాబు మేకల రికార్డింగే. కారణం అడిగారు గనక చెప్తున్నాను. మూడో చరణానికి ముందు బిడ్డ ఏడుపు పెద్దదవుతుంది. ఎవరో ఊరుకోబెడుతుంటారు. పాడే ఆయన చరణం ఎత్తుకోడు. తాళం మాత్రం మోగుతూ ఉంటుంది. బిడ్డకు పాలు దొరికి ఏడుపు తగ్గాకే తర్వాతి మాట అందుకుంటాడు. చరణం మరిచిపోయి గుర్తుచేసుకుంటున్నాడని మా ఆయన వాదన. బిడ్డ కోసం ఆగాడని నేనంటాను. రేపు పాప లేచాక సౌండు కొంచెం తగ్గించి, ముగ్గురం కూర్చుని విని తేల్చుకుంటాం.