చోటు దొరకని తీతు

తీతు దిల్‌సుఖ్‌నగర్‌లో టైల్స్ పరిచే మేస్త్రీ. చేతులు వణికి, కోసిన ప్రతి టైలూ పగిలిపోతుంటే తాగుడు మానేశాడు. అయితే మానడం కంటే, మళ్లీ తాగకుండా మానినవాళ్లంతా కలిసి మాట్లాడుకునే మీటింగులో చోటు దొరకడం కష్టమైంది. మొదట వెళ్లిన మీటింగులో అంతా ఇంగ్లీషే, ఒక్క ముక్క అర్థం కాలేదు. రెండో మీటింగు ఒక చర్చిలో, అక్కడ తన బస్తీలో తెలిసిన మనిషే ఎదురయ్యాడు. వారం తిరక్కుండా సంగతి బస్తీ అంతా పాకింది.

ఈ ఆదివారం సాయంత్రం ఎవరో చెప్పిన గుర్తులు పట్టుకుని, ఎల్‌బీ నగర్‌లో ఒక ట్యూషన్ గదికి చేరాడు. లోపల అందరూ ఆడవాళ్లే. తాగుడు మానినోళ్ల మీటింగు ఇదేనా అని అడిగాడు.

"ఇది తాగేటోళ్ల ఇంటోళ్ల మీటింగన్నా. మీది గిక్కడ కాదు," అంది గుమ్మం దగ్గరున్న సంధ్యారాణి.

తీతుకు ఒళ్లు మండింది. "యాడికి పోయినా గిక్కడ కాదంటరు! వైన్ షాపుల మాత్రం ఎవ్వడూ గట్ల అనలేదక్కా!"

లోపలి ఆడవాళ్లంతా ఇటు తిరిగారు. తను తాగొచ్చి అరిచినప్పుడు భార్య సాధన ఎలా చూసేదో, అచ్చం అలాగే చూశారు. సిగ్గుతో మెట్లు దిగబోయాడు.

"ఆగన్నా," అంది సంధ్యారాణి. "మా ఆయన ఆటో తెస్తడు. ఆయన పోయే మీటింగు నాగోల్‌ల, అంతా తెలుగే. నిన్ను తీస్కపోతడు."

"ఎంతసేపు కూసోవాలె?"

"మాది అయిపోయేదాక."

తీతు గొణుక్కుంటూనే మెట్టు మీద కూర్చున్నాడు. రెండుసార్లు లేచాడు, రెండుసార్లూ మళ్లీ కూర్చున్నాడు. చీకటి పడుతుండగా ఆమె భర్త కృష్ణ ఆటో ఆపి, "ఎక్కు తమ్మీ, లేటయితుంది," అన్నాడు.

తీతు ఎక్కాడు.