ప్రార్థన చీటీ

మా చర్చిలో ఆడవాళ్ల కూడిక జరిగినప్పుడు ఏడాదికోసారి ఒక ప్రశ్న అడుగుతారు: ఈ ఏడు ఎవరికి సువార్త చెప్పారు, ఎవరిని నడిపించారు? పదిహేనేళ్లు ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా చాప అంచు పీకుతూ కూర్చున్నాను. తిరుమలగిరిలో పుట్టి, సండే స్కూల్లో పెరిగి, టీచరుగా ఎంతమంది పిల్లల చెవులు మెలిపెట్టిన దాన్ని. ఒక్క మనిషిని కూడా ప్రభువు దగ్గరికి తీసుకురాలేకపోయానని లోలోపల సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

యాప్రాల్‌లో మేము ఫ్లాటు కొనుక్కున్నాక, ఎదురింట్లోకి శ్రీకాకుళం నుంచి ఒక జంట అద్దెకు వచ్చింది. అతనికి బేగంపేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆమె ఇంట్లోనే ఉండేది. మూడేళ్లు ఓపిగ్గా ఆమె వెంట పడ్డాను. జ్వరమొస్తే జావ కాచి గిన్నెతో పంపాను. ఆమె తెచ్చిన ప్రసాదం తినలేక, వద్దనలేక, ఫ్రిజ్ మీద పెట్టి నానా తంటాలు పడ్డాను. మూడో ఏట గురువారం మధ్యాహ్నాలు తనే వచ్చి నా పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. నుదుట బొట్టు, తలమీద కొంగు. నేను వాక్యం చదివితే విని వెళ్లేది. ఏమీ అడిగేది కాదు.

ఒక గురువారం అడిగింది. ఉద్యోగంలో చేరేటప్పుడు ఆమె భర్త, తనకు లేని అనుభవం ఉన్నట్టు సర్టిఫికెట్ కొని పెట్టాడట. ఆ రోజుల్లో అలా చేరినవాళ్లు చాలామందే. ఇప్పుడు కంపెనీవాళ్లు పాత కాగితాలన్నీ తీసి తనిఖీ చేస్తున్నారట. అతనికి నిద్ర లేదు, ఈమెకు తిండి సహించడం లేదు.

"మీ దేవుడికోసారి సెప్పండి పిన్నిగారూ," అంది.

"పరేషాన్ గాకమ్మా, నేను చెప్త," అన్నాను.

మా చర్చి గుమ్మం దగ్గర ఒక డబ్బా ఉంటుంది. అందులో వేసిన ప్రార్థన చీటీలన్నీ పాస్టరుగారు మైకులో చదువుతారు. ఆ ఆదివారం నేనూ ఒకటి రాశాను. ఆమె పేరు రాయలేదు, ఆ మాత్రం తెలివి ఉంది. మా ఎదురింట్లో, విశ్వాసంలోకి వస్తున్న సహోదరి అని రాశాను. భర్త ఆఫీసు బేగంపేటలోనని రాశాను. సర్టిఫికెట్ సంగతీ రాశాను. కింద నా పేరు మాత్రం గుండ్రంగా రాశాను. ఎందుకో నాకు బాగా తెలుసు. నాకూ ఒక మనిషి దొరికిందని అందరూ వినాలి. చదవడం అయ్యాక అందరూ ఆమెన్ అన్నారు. నా ఒళ్లు పులకరించింది.

ఆమెన్ అన్నవాళ్లలో ఆమె భర్త ఆఫీసులో పనిచేసే ఆయన ఒకడు. అతను ఉండేది మా ఎదుటేనని ఆయనకు తెలుసు. చెడ్డవాడు కాడు. మర్నాడే అతని సీటు దగ్గరికి వెళ్లి, భుజం మీద చెయ్యేసి, నీ సర్టిఫికెట్ గురించి మా చర్చిలో ప్రార్థన చేశాం, భయపడకు అన్నాడట. చుట్టుపక్కల సీట్లవాళ్లంతా విన్నారు. వారం తిరక్కుండా అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు.

సామాను లారీకి ఎక్కిస్తున్న రోజు ఆమె మా తలుపు తట్టింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. జావ పంపిన గిన్నె తన దగ్గరే ఉండిపోయిందట, తోమి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"దేవుడికి సెప్తారనుకున్నాను పిన్నిగారూ," అంది. అంతే, దిగి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఎవరికీ సువార్త చెప్పలేదు. నోరు రావడం లేదు. ఏ ముఖం పెట్టుకుని చెప్పను? ఆ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డప్పుడు ఒక సంగతి గుర్తొచ్చింది, ఇప్పటికీ నన్ను వదలడం లేదు. చీటీ డబ్బాలో వేశాక ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఇంట్లో మోకరించి ఆమె కోసం ఒక్క మాటైనా అడగలేదు. ఆమె చెప్పమన్నది ఒక్కరికే. ఆయనకు తప్ప అందరికీ చెప్పాను.