పైకి చూడని ఆర్విల్

వరద దిగిపోయేసరికి బక్‌హార్న్ లోయలో దారులన్నీ కూలిన చెట్ల కింద ఉన్నాయి. గాలివానకు కొండవాలు మీది అడవి దువ్వెనతో దువ్వినట్టు ఒకే వైపు ఒరిగింది. మోటారు రంపం పట్టుకుని అందరికంటే ముందు బయల్దేరినవాడు ఆర్విల్ లెడ్‌ఫర్డ్. బతుకంతా కలప కొట్టినా ఒంటి మీద దెబ్బ మచ్చ లేదని అతని గర్వం. అతను నరికితే పక్కింట్లో ఉండే వదిన వెస్టా కొమ్మలు ఈడ్చి పక్కన పడేసేది. అన్న పోయాక కూడా ఆమె ఆ లోయను విడిచి వెళ్లలేదు.

ఆ పొద్దున చర్చి బాటకు అడ్డంగా పడ్డ ఓక్ చెట్టు దగ్గర ఆమె ఆగింది.

"ఆర్విల్, పక్క చెట్టులో విరిగిన కొమ్మ ఇరుక్కుని వేలాడుతోంది. ముందు దాని సంగతి చూడు."

"అది గాలివాన నాటి నుంచీ అక్కడే ఉంది వదినా. నాకంటే ఓపికైన కొమ్మ."

"నీకంటే బరువు కూడా."

అతను నవ్వి రంపం అందుకున్నాడు. మొద్దు తెగి కదిలింది, దాంతోపాటు పక్క చెట్టూ ఊగింది. రంపం రొదలో ఆమె కేక అతనికి వినపడలేదు. వెనకనుంచి తోసినట్టయి బోర్లా పడ్డాడు. లేచి చూస్తే అతను నిలబడ్డ చోట కొమ్మ ఉంది. దాని కింద వెస్టా భుజం నలిగి ఉంది.

వంతెన కొట్టుకుపోయింది కాబట్టి ఆమెను హెలికాప్టర్‌లో తీసుకెళ్లారు. చర్చిలో అన్నం పెడుతున్న చోట అందరూ ఆర్విల్ చుట్టూ మూగారు.

"వదినే చూసుకోకుండా చెట్టు కిందకొచ్చేసింది," అన్నాడు.

ఆ మాట వెనక్కి తీసుకునేలోపే పాస్టర్ భార్య ఇమోజీన్ బీన్సూ, మొక్కజొన్న రొట్టే చేతిలో పెట్టి, "నీ తప్పేముందయ్యా, తిను," అంది. తిన్నాడు. తినగలిగినందుకు మరింత సిగ్గుపడ్డాడు.

భుజానికి కట్టుతో వెస్టా తిరిగొచ్చిన రోజు ఇమోజీన్ అందరిముందూ ఆమెను మందలించింది. "ఈ వయసులో చెట్ల కిందకి దూరడమేంటి? కళ్లు కనపడట్లేదా?"

వెస్టా ఒక్కసారి మరిదివైపు చూసింది. "వయసైపోయిందిలే," అంది.

ఆర్విల్ ముఖం సిగ్గుతో వేడెక్కింది.

"ఆమె కళ్లు బాగానే ఉన్నాయి," అన్నాడు, నేలకేసి చూస్తూ. "కొమ్మ ఉందని నాకు ముందే చెప్పింది. నేను వినలేదు. నన్ను తోసేసి తను దెబ్బ తింది. మీతో అబద్ధమాడాను."

 ఇమోజీన్ గిన్నెలు సర్దుకుంది. మర్నాటి నుంచి ఊరివాళ్లు పక్క లోయ మనుషుల్ని పిలిచి చెట్లు కోయించుకున్నారు. ఆర్విల్ హెల్మెట్ పెట్టుకుని, వాళ్లు దూరంగా ఉండమన్నప్పుడు దూరంగా ఉండి, రమ్మన్నప్పుడు వెళ్లి కొమ్మలు ఈడ్చాడు.

పొద్దున్నే వదినకు బిస్కట్ రొట్టెలు కాల్చి తీసుకెళ్లేవాడు.

"రాళ్లలా ఉన్నాయి," అందామె.

"వదినా, నన్నెందుకు తోశావ్?"

"ఆలోచించే తీరికుంటే తోసేదాన్ని కాదేమో."

అతను ఒక రొట్టె విరిచి ఆమె పళ్లెంలో పెట్టాడు.

"ఆ వెన్న ఇటియ్యి," అంది వెస్టా.

తలెత్తకుండానే అందించాడు.