ఇరవై ఒక్క రోజుల లెక్క

ఉక్కు ఫ్యాక్టరీ పక్కన బర్మామైన్స్‌లో మా సందు ఆడవాళ్ళు నన్ను అడగకుండా పప్పు కూడా నానబెట్టరు. మా మొగవాళ్ళ షిఫ్టులు ఆరు రోజులు పొద్దున, ఆరు రోజులు మధ్యాహ్నం, ఆరు రోజులు రాత్రి. ఒక్కో వరసకి ఒక సెలవు. ఇరవై ఒక్క రోజులకి మళ్ళీ మొదటికొస్తుంది.

"పిన్నీ, దీపావళికి మా ఆయనకి ఏ డ్యూటీయేటి?"

"మజ్జాన్నం. రెండింటికల్లా గేటు కాడుండాల."

"నీ బుర్రలో కంప్యూటరున్నాదే!"

ఐదో తరగతితో చదువు మానేసినదాన్ని. ఈ లెక్క ఎవరూ నేర్పలేదు. ఎందుకు నేర్చుకున్నానో ఎవరూ అడగలేదు.

పెళ్ళయిన మొదటి నెలలో నా భర్తతో మూడుసార్లు వద్దన్నాను. మూడుసార్లూ చెయ్యి మెలిపెట్టాడు. మర్నాడు బిందె ఎత్తలేకపోయాను. నాలుగోసారి అనలేదు.

నేను బయటున్న మూడు రోజులు మాత్రం నా చాప దగ్గరికి వచ్చేవాడు కాడు. అంటు తగిలితే దోషమని వాళ్ళమ్మ పెట్టిన భయం. ఆ మూడింటిని ఐదు చేశాను, తర్వాత ఏడు. నెల మధ్యలో లేనివి కూడా కలిపాను. క్యాలెండర్లో చుక్క పెట్టి, మరక లేని గుడ్డలే ఉతికి తాడు మీద ఆరేసేదాన్ని. ఆ రోజుల్లో ఆయనే గొణుక్కుంటూ వంట చేసేవాడు. మొగుడు వండి పెడుతున్నాడు, నీదే అదృష్టమనేవారు సందులో.

పొద్దున డ్యూటీ వారమే నాకు కష్టం. సాయంత్రాలూ రాత్రులూ ఇంట్లోనే ఉంటాడు. ఆయన చక్రం ఇరవై ఒకటి, నా ఒంటిది ఇరవై ఎనిమిది. రెండూ ఎనభై నాలుగు రోజులకోసారి కలిసేవి. మిగతాదంతా అబద్ధంతో సర్దాను, ఇరవై నాలుగేళ్ళు.

నిరుడు అసలువి ఆగిపోయాయి. చుక్కలు మాత్రం ఆపలేదు.

ఆ మధ్య కద్మాలో ఆడవాళ్ళ మీటింగుకి వెళ్ళాను. మొగుడైనా ఇష్టం లేకుండా ముట్టుకుంటే హింసేనని, కోర్టుకి చెప్పుకోవచ్చని ఒకామె చెప్పింది. ఎవరు చేసినా ఒకే జవాబు వచ్చే లెక్కలా ఉందా మాట. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు.

పోయిన నెల మా ఆడపడుచు పర్సుడీహ్ నుంచి వచ్చింది. ఆయన పొద్దున డ్యూటీ దిగి భోజనానికి కూర్చున్నాడు. ఆమె వడ్డిస్తోంది. నేను చాప మీద ఉన్నాను, రెండో రోజు.

"ఏటే వదినా, నాకన్నా రెండేళ్ళు పెద్దదానివి. నాకాగిపోయి ఏడాదయింది. నువ్వింకా పదారేళ్ళ పిల్లవేటి?" అని పడీ పడీ నవ్వింది.

ఆయన చెయ్యి అన్నంలో ఆగింది. కడుక్కోకుండానే లేచి క్యాలెండర్ ముందు నిలబడ్డాడు. తన షిఫ్టు కూడా నన్నే అడిగే మనిషి, వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"ఇరవై ఒకటి... మళ్ళీ ఇరవై ఒకటి. నా పొద్దున డ్యూటీ చూసుకునే వత్తాయేటే నీకు?"

తప్పు నాదే. ఒంటి లెక్క ఆగిపోయాక చుక్కలన్నీ ఆయన లెక్క మీదే పెట్టేశాను, ఒక్కరోజు కూడా అటూ ఇటూ కాకుండా.

"ఇన్నాళ్ళూ ఉల్లూ బనాయించినావా నన్ను? ఎర్రోణ్ణి చేసినావా?"

"ఆగిపోనాయి," అన్నాను. "నాకిట్టం నేదు. అందుకే పెట్టినాను చుక్కలు. మొగుడైనా ఇట్టం నేకుండా ముట్టుకోకూడదు."

ఆడపడుచు నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. "ఊరుకో వదినా, ఎవురైనా ఇంటే బాగోదు," అంటూ సంచీ తీసుకుంది.

"ఈ పూటకి ఉండిపో," అన్నాను.

అర్థమైంది ఆమెకి. నా మొహం చూడకుండా కొంగు సర్దుకుంది. "చీకటడితే ఆటోలు దొరకవే," అంది. అప్పటికి మూడున్నర.

ఆమె చెప్పుల చప్పుడు సందు మలుపు దాకా వినిపించింది. ఆయన తలుపు గడియ పెట్టాడు. నన్ను లేవమని చెప్పి, చాప చుట్టి అటక మీద పడేశాడు. ఆయనకి రాత్రి డ్యూటీ మొదలవడానికి ఇంకా పదమూడు రోజులు.

బయటనుంచి పక్కింటి అమ్మాయి తలుపు కొట్టింది. "పిన్నీ, ఎల్లుండి మా ఆయనకి ఏ షిఫ్టు?"

ఆయన నావైపే చూస్తున్నాడు.

"రాత్రి," అన్నాను లోపలినుంచే.

"తలుపు తియ్యవేటి?"

ఆయన గడియ మీంచి చెయ్యి తియ్యలేదు. నేను ఇంకోసారి లెక్కపెట్టుకున్నాను. తప్పు లేదు, రాత్రే.