మా పొట్టి కుక్కకు తగిన తాడు

మా శాఖా గ్రంథాలయంలో పశుపోషణ మీద ఉన్న పుస్తకాలన్నీ చదివాను. ఆవు పొదుగు వాపు గురించి ఉంది, కోళ్ల తెగులు గురించి ఉంది, పట్టుపురుగుల మీద ఏకంగా ఒక పుస్తకమే ఉంది. చిన్న కుక్కకు ఎలాంటి తాడు కట్టాలో మాత్రం ఎక్కడా లేదు. నాకు కావలసినప్పుడు దొరకలేదు కాబట్టి, రేపు ఇంకెవరికైనా కావలసి వస్తే దొరకాలని ఇది రాస్తున్నాను. నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. ఆ తరవాత నేర్చుకున్నదంతా ఆ రెండు గదుల గ్రంథాలయంలోనే. అక్కడి నుంచి ఇన్నాళ్లు తీసుకోవడమే గాని, ఇచ్చింది లేదు.

అరకు లోయలో పర్యాటకులు బండ్లు ఆపుకునే ఒక మలుపు దగ్గర మాకు కాఫీ దుకాణం ఉంది. మా ఆయన అద్దె జీపు నడుపుతాడు. చలి మొదలైతే లంబసింగి మంచు చూడాలనే వాళ్లను ఎక్కించుకుని తిరుగుతుంటాడు. పోయిన చలికాలంలో ఒక ఉదయం దుకాణం తెరిచేసరికి గోనెపట్టా కింద ఈ కుక్క పడుకుని ఉంది. ఎవరిదో తెలియదు. ఒళ్లు దిండులా పొడుగు, కాళ్లు పీటకున్నంత పొట్టి. దానికి పేరంటూ పెట్టలేదు. ‘ఇదిగో’ అంటే వస్తుంది. గిరాకీ లేనప్పుడు నేను పుస్తకం తీస్తే వచ్చి నా పాదాల మీద పడుకుంటుంది. చలిలో పాదాలు వెచ్చగా ఉంటే ఎంత కష్టమైన పుస్తకమైనా చదవవచ్చు.

దానికున్న ఒకే ఒక్క లోపం చక్రాలు. తిరిగే చక్రం కనిపిస్తే చాలు, దాని వెనక పడుతుంది. ఒకరోజు మా ఆయన జీపుకే ఎదురు వెళ్లింది. ఆయన బ్రేకు మీద నిలబడ్డాడు. దిగి నేరుగా నా దగ్గరకు వచ్చాడు.

“నా బండి కిందే పడిపోయేది. ఎనక కూకున్నోళ్లు ముందుకొచ్చి పడ్డారు. సీజను రానీ, ఒకదాని ఎనక ఒకటి బండ్లొత్తాయి. అప్పుడేటి సేత్తావు?”

“తాడు కడతాను.”

“మొన్న మెడకి తాడు కడితే కూకుండిపోనాది కదా.”

“కూకోకండా నడిసే తాడు తెత్తాను.”

ఆయన రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. “సీజను మొదలయ్యేలోగా తాడుతో నడిత్తే ఉంచుకో. నేదంటే మీ సెల్లింటికి పంపిచ్చీ. ఆ ఊరికి రోడ్డూ నేదు, బండీ నేదు.”

మా చెల్లి హుకుంపేట అవతల, జీపు దిగి నడిచి ఎక్కాల్సిన ఊళ్లో ఉంటుంది. ఫోను చేసి చెబితే వెంటనే ఒప్పుకుంది. ఆయన చెప్పింది అన్యాయమైతే పోట్లాడేదాన్ని. న్యాయంగా ఉంది కాబట్టి నోరు మూసుకుని తాడు వెతకడం మొదలుపెట్టాను.

అడుగుదామంటే మా వైపు ఈ విషయం తెలిసినవాళ్లు లేరు. మా కొండ ఊళ్లలో కుక్కను కట్టరు. మనిషి పోడుకి పోతే వెనకే పోతుంది, తిరిగి వస్తే వెనకే వస్తుంది. ఎవరైనా కుక్కను కట్టారంటే అది ఎవరినో కరిచిందని అర్థం. అందుకని మేకను కట్టే పలుపుతో మొదలుపెట్టాను. మేకకు కొమ్ములుంటాయి, పలుపు ఆగుతుంది. మా కుక్క తల దాని మెడకంటే లావు కాదు. రెండు అడుగులు వెనక్కి వేసి, తల వంచి, పలుపు నా చేతిలోనే వదిలేసి వెళ్లిపోయింది.

తరవాత ఫ్యాన్సీ దుకాణంలో ఇనప గొలుసు కొన్నాను. అది పెద్ద కుక్కల గొలుసు. మెడకు తగిలించగానే మా కుక్క బియ్యం మూటలా ఒక పక్కకు ఒరిగి అలాగే ఉండిపోయింది. కాఫీ తాగడానికి వచ్చినవాళ్లు దానికి జబ్బు చేసిందా అని అడిగారు.

“జబ్బు కాదండి. బంగారం బరువు,” అన్నాడు మా ఆయన.

మూడోది డబ్బా తాడు. పట్నం నుంచి వచ్చిన ఒకావిడ చేతిలో చూశాను. ప్లాస్టిక్ డబ్బాలోంచి సన్నటి తాడు కుక్క ఎంత దూరం పోతే అంత దూరం సాగుతుంది, మీట నొక్కితే ఆగుతుంది. నేను ముచ్చటగా చూస్తుంటే ఆవిడ తన కుక్కకు విప్పి మా కుక్కకు తగిలించనిచ్చింది. మీట ఎక్కడుందో నేను చూసుకునేలోపే మా కుక్క బల్ల కింద నుంచి దూరి, కుర్చీ చుట్టూ తిరిగి, కాఫీ గ్లాసుతో నిలబడ్డ ఒక పెద్దమనిషి కాళ్లను రెండు చుట్లు చుట్టి, మళ్లీ బల్ల కిందకు వచ్చింది. ఆయన కదలకుండా కాఫీ పూర్తి చేశారు. “ముందు తాగేస్తానమ్మా, తరవాత విప్పుదువుగాని,” అన్నారు. ఆ తాడు విశాలమైన మైదానానికి మంచిదే కావచ్చు. బల్లలున్న చోటికి పనికిరాదు.

అప్పుడు గ్రంథాలయానికి వెళ్లాను. పశుపోషణ అల్మరాలో ఏమీ దొరకలేదు. లైబ్రేరియన్ గారు వెనక గదిలోంచి కుక్కల బొమ్మలున్న ఒక పాత పుస్తకం తెచ్చి ఇచ్చారు. అన్నీ దూడంత కుక్కలు. కాని ఒక పేజీలో కుక్క మెడ లోపలి బొమ్మ ఉంది. గాలి గొట్టం చర్మానికి ఎంత దగ్గరగా ఉంటుందో అందులో చూశాను. చిన్న కుక్కకు మెడలో తాడు వేసి లాగితే ఆ గొట్టమే నొక్కుకుంటుందని అర్థమైంది. మెడలో తాడు బిగిసినప్పుడు మా కుక్క ఎందుకు కూర్చుండిపోయేదో అప్పుడు తెలిసింది. మొండితనం కాదు, దానికి ఊపిరి ఆడేది కాదు. తరవాత మరో పుస్తకంలో బండి గుర్రం బొమ్మ చూశాను. బరువంతా రొమ్ము మీద పడేలా పట్టీలున్నాయి. గుర్రానికి పనికొచ్చింది కుక్కకు ఎందుకు పనికిరాదు? రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని, రొమ్ము మీదుగా ఒక పట్టీ, ముందు కాళ్ల వెనక పొట్ట చుట్టూ ఒక పట్టీ, వీపు మీద తాడు తగిలించడానికి ఒక కొక్కెం, ఇలా గీసుకున్నాను. లైబ్రేరియన్ గారు చూసి, “బాగుందమ్మా, తోక ఎటువైపు?” అన్నారు. చూపించాను.

సంత రోజున కుక్కను గంపలో పెట్టుకుని వెళ్లాను. సంతలో సంచులు కుట్టే అతను మైదానం వైపు నుంచి మిషను తెచ్చుకుని టార్పాలిన్ కింద కూర్చుంటాడు. బొమ్మ చూడగానే అర్థం చేసుకున్నాడు. పాడైపోయిన బడి సంచి ఎర్ర పట్టీలు కోసి, దాని ప్లాస్టిక్ బకిల్సే పెట్టి, మధ్య మధ్య కుక్కకు తొడిగి చూసుకుంటూ కుట్టాడు. అదే పట్టీతో పట్టుకోవడానికి పొడుగాటి తాడు కూడా చేశాడు.

పక్కనే కొండచీపుర్లు పెట్టుకుని కూర్చున్న ఒక ముసలామె లేచి వచ్చింది.

“ఇదేటి తింటాదే అమ్మీ?”

“అంబలి పోత్తే తాగుద్ది మామ్మా. ఎండుసేప తల యిత్తే మరీ యిష్టం.”

“ఎలకల్ని పడతాదా?”

“మా దుకాణంలో ఒక్క ఎలకనీ ఉండనివ్వదు.”

“మనుసుల్ని కరుత్తాదా?”

“పిల్ల గుంటలు తోక లాగినా ఊరుకుంటాది.”

ఆమె వంగి కుక్క నోరు తెరిచి పళ్లు చూసింది. కాళ్లు నొక్కి చూసింది. ఎంత ముద్దు చేస్తోందో అనుకున్నాను. ఆమె అమ్ముడుపోకుండా మిగిలిన చీపుర్ల కట్ట తెచ్చి నా సంచి పక్కన పెట్టి, “ఇయ్యి నీ కాడుంచు,” అంది. చూస్తుండమంటోంది కాబోలు అనుకుని సరే అన్నాను. “ఏదీ, తాడిలాగియ్యి,” అంటూ చెయ్యి చాపింది. ఇచ్చాను.

మా కుక్క నడిచింది. కూర్చోలేదు, ఒరగలేదు, వెనక్కి లాగలేదు. తోక నిలబెట్టుకుని ఆమె పక్కన చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ నడిచింది. ఆ సంతోషంలో సంచులు కుట్టే అతనికి గాలి గొట్టం సంగతి మొదలుపెట్టాను. రొమ్ము మీదకు బరువు ఎలా మారిందో, గుర్రానికి కుక్కకు తేడా ఎక్కడుందో అంతా చెప్పాను. చెప్పడం ముగించి చూస్తే ముసలామె లేదు, కుక్కా లేదు.

“మామ్మ ఏదీ?”

“ఎల్లిపోనాది కదప్పా.”

“కుక్క?”

“అదీ ఎల్లిపోనాది. బేరం కుదిరిపోనాది కదా,” అంటూ అతను నా పక్కనున్న చీపుర్ల కట్ట చూపించాడు.

నేను ఈ కొండల్లో పుట్టినదాన్నే. తాడుతో సంతకు వచ్చిన జంతువు అమ్మకానికి వచ్చినట్టే. అమ్మేవాళ్లు తాడు కొనేవాళ్ల చేతిలో పెడితే బేరం ముగిసినట్టే, ఆ తరవాత మాటల్లేవు. ఇదంతా నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. కాని కుక్కను తాడుతో ఎవరూ తీసుకురారు కాబట్టి, అది కుక్కకూ వర్తిస్తుందని తోచలేదు. నేను నా కుక్కను, దాని గుణగణాలన్నీ పొగిడి మరీ, చీపుర్లకు అమ్మేశాను.

చీపుర్ల కట్ట చంకలో పెట్టుకుని పరిగెత్తాను. అల్లం, పసుపు వరస దాటి, ఎండుచేపల వరస దాటి, ఎర్ర పట్టీల కుక్కను చూశారా అని అడుగుతూ పోయాను. అందరూ చూశారట. జీపులు ఆగే చోట, బయలుదేరబోతున్న ఒక జీపు చివరి సీట్లో ముసలామె ఒళ్లో కుక్క కూర్చుని ఉంది.

“మామ్మా, అది అమ్మడానికి తేలేదు,” అన్నాను ఆయాసపడుతూ.

“తాడు నీ సేత్తోనే యిచ్చినావు కదే.”

“సూడమని యిచ్చాను.”

“సూసినాను. బాగుంది.”

జీపులో నవ్వులు. పక్కనున్న పెద్దాయన, “తాడు సేతులు మారిపోయాక బేరం ఎనక్కి రాదమ్మా,” అన్నాడు. కోపంగా కాదు, ఉన్న సంగతి చెప్పినట్టు.

“తాడుకి నడవకపోతే దీన్ని దూరం పంపేత్తారు మామ్మా. ఇయ్యాలే నడిసింది. ఇంతలోకే నువ్వట్టుకుపోతే నాకేటి మిగిలినట్టు?”

“పంపేసేదే అయితే నా కాడుంటే ఏటి? మా గాదెలో సోళ్ల గింజలన్నీ ఎలకలే తినేత్తన్నాయి.”

ఆమె అవసరం ఆమెది. చీపుర్ల కట్ట ఆమె వైపు చాపాను.

అప్పుడు పక్క జీపు కదిలింది. చక్రం తిరగడం చూసి మా కుక్క ఆమె ఒళ్లోంచి ఒక్క ఉరుకు ఉరికింది. ఆమె తాడు వదలలేదు. కుక్క జీపు వెనక ఎర్ర పట్టీల్లో ఉయ్యాలలా వేలాడింది. మెడ నొక్కుకోలేదు, మూలగలేదు. గాల్లోనే కాళ్లు ఆడిస్తూ ఆ చక్రాన్ని తరుముతోంది. నేను ఎత్తుకున్నాను.

“ఇదేటే, బండి ఎనక పడతాదా?”

“ఏ బండైనా సరే మామ్మా. అందుకే కదా తాడు.”

“పళ్లు సూసినప్పుడు సెప్పవేటి?”

“నువ్వు అడగలేదు.”

పెద్దాయన కల్పించుకున్నాడు. “లోపం సెప్పకుండా అమ్మితే తిరిగిచ్చీడం ఉంది.” అదీ మా సంతలో ఉన్నదే. ఆమె కుక్కను, నన్ను మార్చి మార్చి చూసింది.

“మతి నేని కుక్కని నాకంటగట్టబోనావు. ఈ బెల్టు మాత్రం నాకుంచీ, సీపుర్లు నువ్వుంచుకో. మా పందిపిల్ల ఎన్ని తాళ్లు కట్టినా ఇప్పేసుకుంటంది.”

బకిల్ విప్పడం, పెట్టడం, పంది పెరిగేకొద్దీ పట్టీ వదులు చేయడం ఆమెకు చూపించాను. జీపులో వాళ్లందరూ మెడలు సాచి చూశారు. కుక్కను ఎత్తుకుని కదలబోతుంటే ఆమె నన్ను ఆపింది. చీపుర్ల కట్టకు చుట్టిన నార ఒక పోగు లాగి, కుక్క మెడలో వదులుగా వేసి, దాని కొస నా చేతిలో పెట్టింది. “పట్టు. ఇప్పుడు నీది.”

అంతవరకు అది గోనెపట్టా కింద దొరికిన కుక్క. ఇప్పుడు జీపు నిండా సాక్షులున్నారు.

సంచులు కుట్టే అతను ఈసారి నీలం పట్టీలతో కుట్టాడు. కొలతలు గుర్తున్నాయి కాబట్టి బేగి అయిపోయింది. ఇంటికి నడిపించుకునే వచ్చాను. మా ఆయన దుకాణం ముందున్నాడు. తాడు నా దగ్గర తీసుకుని రోడ్డు పక్కకు నడిచాడు. పర్యాటకుల బస్సు మలుపు తిరిగింది. కుక్క ఉరికింది. పట్టీలు ఆపాయి. అది గిరుక్కున తిరిగి ఆయన చెప్పుల దగ్గరకే వచ్చి పడింది. బస్సు వెళ్లిపోయింది. తరవాత కారు, మళ్లీ ఒక బస్సు. కారుకి ఉరికింది, రెండో బస్సుకి మొరిగి ఊరుకుంది.

“ఊపిరి ఆడతందా దీనికి?” అన్నాడు.

“రొమ్ము మీద పడతాది బరువు.”

“ఊఁ.” ఆయనే జేబులోంచి ఫోను తీసి మా చెల్లికి కలిపాడు. “మరదలా, కుక్క రాదులే,” అన్నాడు.

పేర్లు అచ్చులో చూసుకోవడం మా వాళ్లకు బిడియం కాబట్టి, నేను పిలిచే పిలుపులతోనే అందరికీ కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను. వెనక గదిలో దుమ్ము దులిపి పుస్తకం తీసిన లైబ్రేరియన్ గారికి. డబ్బా తాడు అడగకుండానే ఇచ్చిన పట్నం అమ్మగారికి, కాళ్లు కట్టేసినా కాఫీ బాగుందని చెప్పిన పెద్దమనిషికి. ఒకే రోజు రెండుసార్లు కుట్టిన తమ్ముడికి. న్యాయం మాట్లాడిన జీపులో తాతకు. మామ్మకు, ఆమె పందిపిల్లకు. గడువు పెట్టినందుకు, గడువు ముగియకముందే ఫోను చేసినందుకు మా ఆయనకు. చివరగా మా చెల్లికి. కుక్క కోసం గడ్డి పరిచి పెట్టిన మెత్తటి గంపలో, ఒక్క మాట దెప్పకుండా, కోడిని పొదగేసింది.