పంక్చరు లేని జీపు

నీళ్ళ కంపెనీ డ్రైవర్లందరిలోకీ ఎక్కువ పంక్చర్లు అతని జీపుకే. అందుకే అందరూ అతన్ని పంక్చరయ్య అనేవాళ్ళు. పైపులైను వెంట ముళ్ళపొదల్లో, రాళ్ళలో తిరుగుతూ ఎక్కడ నీరు కారుతోందో చూసి రావడం అతని పని. రోడ్డన్నదే లేని చోట టైరుకి ముల్లు దిగడం వింతేమీ కాదు. కానీ అవే పొదల్లో తిరిగే మిగతా జీపులకి అన్ని ముళ్ళు దిగవేం? అసలు సంగతి చెప్పేస్తాను. పంక్చరయ్య అప్పుడప్పుడు కావాలనే ముళ్ళమీదికి పోనిచ్చేవాడు.

వెర్రివాడనుకోకండి, కారణం ఉంది. పట్నం మొదట్లో టైర్ల కొట్టు నడిపేది అతని బావ, అంటే అక్క మొగుడు. తల్లి పోయాక ఇతన్ని పెంచి పెద్దచేసింది ఆ అక్కే. ఆమె ఉన్నన్నాళ్ళూ ఆ ఇల్లు ఇతనిదే, అడక్కుండా వెళ్ళి కంచం ముందు కూర్చునేవాడు. అక్క జబ్బుచేసి పోయింది. కొన్నాళ్ళకి బావ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. కొత్తావిడ చెడ్డదేం కాదు. గుమ్మంలో నవ్వుతూనే పలకరించింది, "ఏం పని మీద వచ్చారండీ?" అని. ఏ పనీ లేదని చెప్పడానికి ఇతనికి నోరు రాలేదు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

పంక్చరైతే మాత్రం పని ఉన్నట్టే, దర్జాగా కొట్టుకి వెళ్ళొచ్చు. బావ ట్యూబు లాగి, చిల్లు వెతికి, చుట్టూ గీకి సొల్యూషన్ రాసేవాడు. అది ఆరేదాకా ఇద్దరూ టీ తాగుతూ కూర్చునేవాళ్ళు.

"ఏరా బామ్మర్దీ, జీపు నడుపుతున్నావా, ముళ్ళు ఏరుకుంటున్నావా?"

"నీ కొట్టు మూతపడకుండా నేనేగా కాపాడుతున్నది, బావా!"

ఆ మాటల్లోకి ఎప్పుడో ఒకప్పుడు అక్క వచ్చేది. "మీ అక్క ఉంటే ఈ గ్రీజు చేతుల్తో గ్లాసు ముట్టుకోనిచ్చేదా?" అనేవాడు బావ. ఆమె కోపాలూ, ఆమె పిసినారితనమూ తెలిసిన మనిషి ఇతనికి లోకంలో ఇంకొకరు లేరు. పంపుహౌసు వెనక ఒంటరి గదిలో గోడలకి చెప్పుకుంటే అవి ఊఁ కొడతాయా?

ఇలా ఉండగా కంపెనీకి తెలివొచ్చింది. ఒకరోజు ఇన్‌చార్జి రెండు డబ్బాలు బల్లమీద పెట్టాడు. డబ్బాల మీద సీలెంటు అని రాసుంది, డ్రైవర్లు మాత్రం పంక్చరు మందు అన్నారు. వాల్వు పిన్ను తీసి ట్యూబులోకి ఎక్కిస్తే, చక్రం తిరిగేకొద్దీ లోపలంతా పరుచుకుని, ముల్లు దిగిన చోట చిల్లులోకి చొరబడి మూసేస్తుందట.

"పంక్చర్లలో నీకున్న అనుభవం ఇక్కడ ఎవరికుందయ్యా? రెండూ వేసి చూడు. నువ్వు ఏది మంచిదంటే అదే అన్ని జీపులకీ వేయిస్తాం," అన్నాడు ఇన్‌చార్జి.

ఒకటి పాలలా పలచన, తారురోడ్డు మీద వేగంగా పోయే బళ్ళకి చేసింది. రెండోది గంజిలా చిక్కన, నిండా సన్నటి పోగులూ రబ్బరు రవ్వా. వేగం పెంచితే చక్రం అదురుతుందంటారు గానీ, రాళ్ళలో పాకే జీపుకి వేగం ఎక్కడిది? ఎడమ చక్రాలకి పలచది, కుడి చక్రాలకి చిక్కది ఎక్కించి, ఈసారి కంపెనీ అనుమతితోనే ముళ్ళమీదికి పోనిచ్చాడు. కుడివైపు ముల్లు లాగితే బుస్సుమని కాస్త గాలి వచ్చి, తడి మెరిసి, అంతే, ఆగిపోయింది. ఎడమవైపు తెల్లగా కారుతూనే ఉంది. చూస్తూండగానే ముందు చక్రం కూలబడింది.

పంక్చర్లే లేకపోతే పంక్చరయ్య ఇక కొట్టుకి ఏ పని మీద వెళ్తాడు? పలచదే మేలని ఒక్క అబద్ధం ఆడితే చాలు, కొట్టుకి దారి మూసుకుపోదు. కానీ మొన్న వేసవిలో తోటి డ్రైవరొకడు జీపుకి రెండు చక్రాలు పోయి, ఎండలో నడిచొచ్చి పంపుహౌసు మెట్లమీద పడిపోయాడు. వాడి నోట్లో నీళ్ళు పోసింది ఇతనే. అది గుర్తొచ్చి అబద్ధం నాలుక దాటలేదు. ఏదీ తేల్చుకోలేక, స్టెప్నీ బిగించుకుని, కూలబడిన చక్రంతో బావ దగ్గరికి వెళ్ళాడు.

బావ ట్యూబు లాగేసరికి మోచేతుల దాకా తెల్లటి జిడ్డు. "ఇదేంట్రా, టైరుకి పాలు పట్టావా?" అని విసుక్కున్నాడు. ఎంత తుడిచినా ప్యాచీ అంటుకోదాయె, చివరికి కొత్త ట్యూబే వేశాడు. డబ్బాల సంగతంతా విని, "ఇంకా ఆలోచనేంటి? ఆ చిక్కదే వేయించుకో. నీకూ సుఖం, నాకూ సుఖం," అన్నాడు.

చక్రం జీపులో వేసుకున్నాడు పంక్చరయ్య. 'అప్పుడప్పుడు వస్తూండు' అని ఇంకో ముక్క అంటాడేమోనని కాసేపు నిలబడ్డాడు. బావ చేతులు కడుక్కుంటున్నాడు.

మర్నాడు ఇన్‌చార్జికి ఉన్నదున్నట్టు చెప్పాడు. చిక్కటి మందు అన్ని జీపులకీ ఎక్కింది. డ్రైవర్లు భుజం తట్టారు, తర్వాత మరిచిపోయారు. పంక్చరయ్య పైపులైను చూసేవాడు, గదికి వచ్చి రేడియో పెట్టుకునేవాడు, కట్టేసేవాడు. ఒకసారి ఉండబట్టలేక పాత పొదల మీదికే పోనిచ్చి దిగి చూశాడు. టైరు నిండా ముళ్ళు. చక్రంలో గాలి మాత్రం కొంచెం కూడా దిగలేదు. ఆ పూట జీపులోనే కూర్చుని ఏడ్చాడు.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం, పిలవని పేరంటానికి వెళ్ళినట్టు కొట్టు ముందు జీపు ఆపాడు.

"ఏ చక్రం?" అన్నాడు బావ, పానా అందుకుంటూ.

"ఏదీ కాదు బావా. ఊరికే వచ్చాను."

బావ జీపు వైపు చూశాడు, ఇతని వైపు చూశాడు. గిరాకీ అయితే పని చేసిపెట్టడం తెలుసు, చుట్టమైతే మర్యాద చేయడం తెలుసు. ఇతను రెండూ కాడు మరి, పాపం ఏం చేస్తాడు? గాలి గేజీ తీసి ఒక్కో చక్రం దగ్గరా గొంతుక్కూర్చుని చూశాడు.

"అన్నీ బాగానే ఉన్నాయి కదరా?"

"ఆఁ, బాగానే ఉన్నాయి. వస్తా బావా," అంటూ పంక్చరయ్య జీపెక్కబోయాడు.

"కూర్చో. స్టెప్నీ చూడలేదింకా," అన్నాడు బావ తలెత్తకుండా.

స్టెప్నీకి గాలి చూడడం ఎంతసేపు? కానీ బావ దాన్ని దించి, టైరు ఊడదీసి, ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి నీళ్ళ తొట్టిలో ముంచాడు. మెల్లగా చుట్టూ తిప్పాడు. ఒక్క బుడగా రాలేదు. పైకి తీయకుండా ఇంకోసారి తిప్పాడు. పంక్చరయ్య స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. ఇద్దరూ ఆ నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నారు.