మా మేడలో దూరిన సినిమా పాట

మా వంశ మర్యాదను కాపాడబోయి దాన్ని నేనే ఎలా బోర్లా పడేశానో చెబుతాను. నవ్వండి, కాని కాస్త మర్యాదగా నవ్వండి. మా ముత్తాత ఉరవకొండ పక్కన ఏడూళ్లకు పాళెగాడు. పందొమ్మిది వందల యాభైల నాటికి మాకు మిగిలినవి కూలబోతున్న మేడ, ఒర ఊడని కత్తి, బాకా గ్రామఫోను, నా మీసం.

ఆ గ్రామఫోనులో కీర్తనలే మోగాలని నాయన శాసనం. పద్నాలుగో ఏట నేను సినిమా పాట కూనిరాగం తీస్తే నా వీపు మీద చింతబరికె విరిగింది. ఆ దెబ్బకో, వయసుకో, ఇరవై అయిదేళ్లకు నాకు నిజంగానే కీర్తనల పిచ్చి పట్టింది. సినిమా పాట వినబడితే చెవులు కడుక్కునేవాణ్ణి.

అటువంటి ఇంట్లో, ఒక కరువేడు, గ్రామఫోను పెట్టె అడుగున సినిమా ప్లేటు దొరికింది! అదే పాటను మా సేద్యగాడు ఓబులేసు బావి దగ్గర మూలుగుతున్నాడు.

"ఆ పాట యాడ నేర్చినావురా?"

"గాలికొచ్చింది సామీ."

"గాలి ప్లేటు కూడా తెస్తాదా?"

"నన్నడగొద్దు సామీ. మాటిచ్చినా."

మాటిచ్చాడట! అంటే ముఠా ఉందన్నమాట. ఆ వారం పిల్లి అరిచినా అందులో రాగం వెతికాను.

"రేపు దొంగ దొరికితే నీకు ఈడ పనిలేదు," అన్నాను ఓబులేసుతో. ఇరవయ్యేళ్లు మా మడక పట్టి దున్నినవాడు. ఆ ఏడు ఇంకెక్కడా కూలి పుట్టదు. అయినా నోరు విప్పలేదు. పొగరనుకున్నాను.

మరునాడు గ్రామఫోను గది గడపలో శనక్కాయ పొట్టు పరిచాను. మిట్టమధ్యాహ్నం ఊరంతా కునుకు తీస్తుంటే, పంచాయితీ పెద్ద నారపరెడ్డి మామను సాక్షిగా పిలిచి, ఇద్దరం గాదె వెనక నక్కాం.

"ఏమప్పా, మీ ఇంట్లో దొంగ పాటలు పెట్టుకోని వింటాండాడా? మా ఇంట్లో వాళ్లు గింజలే ఎత్తకపోతారే!"

"ఉష్!"

పొట్టు చిటపటలాడింది. పాట మొదలైంది. ఒరతో సహా కత్తి ఎత్తి తలుపు తన్నాను.

లోపల నాయన! కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేస్తున్నాడు.

"నాయనా... నువ్వా? ఈ పాటలకే కదా నా వీపు పగలగొట్టింది?"

"అప్పుడు కీర్తన తప్ప చెవికెక్కలేదురా. ఈ పాట మీయమ్మ పొయ్యికాడ పాడుకుంటాంటే కసురుకొంటి. ఆమె పొయినాక ఇదే వినబుద్దయితాంది. నీకు చెప్తే ఒప్పుకుంటావా? నీకు భయపడి ఓబులేసుతో ఒట్టేయించుకోని తెప్పిస్తి."

నా చేతిలో కత్తి వంకాయంత బరువు కూడా లేకుండా పోయింది. మామ దర్జాగా కూర్చుని, "మొదటి నుంచీ పెట్టప్పా," అన్నాడు.

చేనికి వెళ్లి ఓబులేసును క్షమించమన్నాను. మా వంశంలో ఎవరూ చేయని పని. అందుకే సరిగా చేతకాలేదు.

"ఏందో మింగినట్ల మాట్లాడతాండావు సామీ. పనికొస్తాలే. అయితే ఆ ప్లేటు మోసింది నేను, సాంతం ఒక్కతూరీ విన్లేదు. లోపల కూకోని వింటా."

నాయన వెంటనే చాప వేయించాడు. ముగ్గురూ కూర్చున్నారు. ఆ ప్లేటే మళ్లీ మళ్లీ పెడుతుంటే ప్రతిసారీ గ్రామఫోనుకు కీ తిప్పే మనిషి కావలసి వచ్చాడు.

"ఎట్లాగూ నిలబడే ఉండావు కదా సామీ," అన్నాడు ఓబులేసు.

తిప్పాను. సాయంత్రం దాకా తిప్పాను. కాబట్టి, భుజం నొప్పి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ముసలివాళ్లు తలుపు వేసుకుని ఏ పాట విన్నా సరే, బయట నిలబడి మూడుసార్లు దగ్గకుండా నేను లోపలికి అడుగు పెట్టను.